‘టీకాలు వేయడం, టీకాలు వేయడం ఒకటి కాదు’: ఒక పదాల యాప్‌తో మూడు వారాలు

నెల క్రితం నేను రాసి పంపిన వాక్యం ఇది: "టీకాలు వేయడం, టీకాలు వేయడం ఒకటి కాదని గమనించాలి."

నవ్వకండి. ఇంగ్లీషులో అది మంచి వాక్యమే. ఒకవైపు వ్యాక్సినేషన్ అనీ, ఇంకోవైపు ఇమ్యునైజేషన్ అనీ ఉంది. ఆరోగ్య కరపత్రాలు తెలుగు చేయడం నా పని. పదమూడేళ్లుగా ఈ రెండు మాటల్లో ఏది కనబడినా నా చేతికి ‘టీకా’ అనే వచ్చేస్తోంది. రెండూ ఒకే వాక్యంలో ఎదురుపడటం అదే మొదటిసారి. రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో పంపేశాను. పొద్దున్నే మా ఎడిటర్‌గారు ఫోన్ చేసి, "ఏమ్మా, ఒకటి కాకపోతే మరి ఎన్ని?" అన్నారు.

ఆ సిగ్గుతోనే ఈ యాప్‌కి చందా కట్టాను. మాటలు ఎక్కడ పుట్టాయి, ఏ దారిన వచ్చాయి, దారిలో అర్థం ఎలా మారింది అని చెప్పే ఫోన్ యాప్ ఇది. పేరు చెప్పను. కాసేపట్లో కొంచెం తిట్టాల్సి ఉంది, పైగా వీళ్లు ఉత్తరం రాస్తే జవాబిచ్చే మనుషులు. ఈ రకం యాప్ ఏది కొన్నా చూసుకోవాల్సిన సంగతులు దాదాపు ఇవే కాబట్టి, పేరు లేకపోయినా ఈ రివ్యూ మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను.

నిఘంటువు ఏదైనా తూకం వేయడానికి నాకో పద్ధతి ఉంది. వంద మాటలు పైపైన వెతకను. ఒకే మాట పట్టుకుని అడుగు తగిలేదాకా దిగుతాను. ఈసారి ఏ మాటో చెప్పక్కర్లేదుగా.

ఇమ్యునైజేషన్ అని కొట్టగానే యాప్ ఆ మాటను నాలుగు ముక్కలుగా విడదీసి చూపిస్తుంది. ఈ తెర బాగుంది. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు, వేలు పెడితే అర్థం. మొదటి ముక్క ‘ఇమ్’ అంటే ‘లేని’. రెండోది ‘మూనుస్’ అనే లాటిన్ మాట. ఊరికి, రాజ్యానికి మనిషి చేసి తీరాల్సిన పని, కట్టాల్సిన పన్ను, మోయాల్సిన భారం అని దానికి అర్థాలు. ఇవ్వాల్సిన కానుక కూడా మూనుస్సే. ఈ రెండూ కలిస్తే ‘ఇమ్మూనిస్’: పన్ను లేనివాడు, వంతు పని తప్పినవాడు. మూడో ముక్క ‘ఐజ్’ గ్రీకు నుంచి వచ్చిన తోక, ‘అలా చేయడం’ అని. నాలుగోది మళ్లీ లాటిన్. లాటిన్ తలకాయకు గ్రీకు నడుము కట్టి, మళ్లీ లాటిన్ కాళ్లు పెట్టిన బొమ్మ అన్నమాట. చివరికి తేలిన అర్థం ‘మినహాయింపు కలిగించడం’.

రోగం ఊసే లేదు. వైద్యం ఊసే లేదు. నేనైతే ఇక్కడ యాప్ మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే ఈ అర్థానికి తెలుగులో మాట వెతకాల్సిన పనే లేదు, ఎప్పటి నుంచో ఉంది. సర్వమాన్యం. ఏ పన్నూ లేకుండా ఇచ్చిన భూమి. పాత తామ్రశాసనాల్లో ‘సర్వకరపరిహారం’ అని కనబడేది కూడా ఇదే. లాటిన్‌లో పన్ను లేని పొలాన్నీ, పన్ను లేని పట్టణాన్నీ ఇమ్మూనిస్ అనే అన్నారు. అంటే ఇమ్యునైజేషన్‌ను ధాతువు పట్టుకుని తెలుగు చేస్తే, రోగం వచ్చి శిస్తు కట్టమంటే "మాది మాన్యం బాబూ, వెళ్లిరా" అని ఒంటి చేత చెప్పించడం. కరపత్రంలో ఇలా రాస్తే మా ఎడిటర్‌గారు ఇంకో ఫోన్ చేస్తారు. కానీ మాట మనసులో కుదురుకోవడానికి నాకు ఇది చాలింది.

యాప్‌లో ‘చరిత్రలో ఈ మాట’ అని ఒక మీట ఉంది. దాని కింద ఉన్న రోమన్ సైన్యం కథ కోసమైనా చందా కట్టొచ్చు. సైన్యంలో ‘ఇమ్మూనేస్’ అనే సిపాయిలు ఉండేవారట. కాపలా కాయడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం లాంటి వంతు పనులు వీళ్లకు ఉండవు. ఖాళీగా కూర్చోమని కాదు, చేతిలో వేరే పని ఉందని. జస్టినియన్ చక్రవర్తి కాలంలో, 533లో వెలువడిన న్యాయసంకలనంలో వీళ్ల జాబితా ఉంది. కొలతలు తీసేవాళ్లు, వైద్యులు, గాయాలకు కట్లు కట్టేవాళ్లు, పశువైద్యులు, విల్లులు చేసేవాళ్లు, బూరలు చేసేవాళ్లు, సున్నం కాల్చేవాళ్లు, బొగ్గు కాల్చేవాళ్లు. వైద్యుల పేరు ఆ జాబితాలో చూసి నాకు నవ్వొచ్చింది. రోగం దగ్గరికి ఆ మాట చేరకముందే, రోగం కుదిర్చేవాళ్లు ఇమ్యూన్ అయిపోయారు. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ మినహాయింపు ఎవరికీ ఊరికే రాలేదు. ఒక పని నేర్చుకున్నవాడికే దక్కింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు తిట్టు. అదే పేజీలో కొంచెం కిందికి దిగితే ‘ఇదే కుటుంబంలోని మాటలు’ అని ఒక చెట్టు బొమ్మ ఉంది. అందులో మునిసిపాలిటీ ఉంది, ఒప్పుకుంటాను. మునిసిపాలిటీ అంటే మూనుస్ భారం తలకెత్తుకున్న ఊరు. రెమ్యునరేషన్ ఉంది, అదీ సరే. మూనుస్‌కు కానుక అనే అర్థం ఉందిగా, దాన్ని తిరిగి ఇవ్వడం. కానీ పక్కనే అమ్యునిషన్ అని ఒక కొమ్మ! దాని కింద వివరణ: ‘ఇమ్యునిటీ అనగా కోట కట్టుకొనుట.’ ఇది తప్పు. అమ్యునిషన్ వచ్చింది ‘మూనీరే’ అనే క్రియ నుంచి. దాని అర్థం గోడ కట్టి గట్టి చేసుకోవడం. అది వేరే కుటుంబం. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఇంటిపేర్లు వేరు.

ఇంత చిన్నదానికి గోల ఎందుకంటారా? ఎందుకంటే ఈ తప్పు ఈ యాప్‌ది ఒక్కదానిదే కాదు, మనందరి తలకాయల్లోనూ ఉంది. టీకా అనగానే మనం రాసేది రక్షణ కవచం, కోట గోడ, డాలు పట్టుకున్న పాప. నేను కూడా లెక్కలేనన్ని కవచాలు రాశాను. కవచం అంటే బయటి నుంచి తొడిగేది. తొడిగితే పనైపోయినట్టే. ఇమ్యూన్ అనే మాటలో అది లేదు. రోగక్రిమి ముక్కులోకి వస్తుంది, గొంతులోకి వస్తుంది, ఒక్కోసారి రక్తంలోకి కూడా వస్తుంది. టీకా గోడలా అడ్డు నిలబడి దాన్ని ఆపదు. లోపల దాన్ని గుర్తుపట్టే కణాలు ఉంటే పని జరుగుతుంది, లేకపోతే జరగదు. పుట్టుకలో కోట అని చెప్పడం వల్ల మాట అర్థమే తలకిందులవుతుంది. ఈ సంగతి యాప్ వాళ్లకు రాశాను. తొమ్మిది రోజులకు జవాబొచ్చింది: పరిశీలిస్తున్నాం, ధన్యవాదాలు. పన్నెండో రోజున ఆ కొమ్మ పోయింది. అందుకే మనుషులు మంచివాళ్లన్నాను.

ఆ చెట్టులోనే నాకు బాగా నచ్చిన కొమ్మలు రెండున్నాయి. ఒకటి ‘కామన్’, దాని పిల్ల ‘కమ్యూనిటీ’. భారాన్ని పంచుకునేవాడు కమ్యూనిస్, భారం లేనివాడు ఇమ్మూనిస్. లాటిన్‌లో ఒకదానికొకటి ఎదురు మాటలు. 1923లో టాప్లీ, విల్సన్ అనే ఇద్దరు ‘హెర్డ్ ఇమ్యునిటీ’, అంటే మంద ఇమ్యునిటీ, అనే మాటను ఒక వ్యాసం శీర్షికలోనే వాడారు. చుట్టూ చాలామందికి టీకా పట్టి ఉంటే, పట్టనివాడి దాకా రోగం రాదు అనే అర్థంలో ఇప్పుడు వింటున్నాం దాన్ని. ఈమధ్య కొందరు మందను తీసేసి ‘కమ్యూనిటీ ఇమ్యునిటీ’ అంటున్నారు. ధాతువులు చూస్తే ‘భారం పంచుకున్నవాళ్లకు భారం లేకపోవడం’. కావాలని ఎవరూ కూర్చలేదు కానీ ఇంత చక్కగా కుదరడం అరుదు.

రెండోది ‘మ్యుటేషన్’. ఇది ఎక్కడో దూరపు చుట్టం. మూనుస్‌ను ఇంకా వెనక్కి లాక్కుపోతే, మార్చుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం అనే అర్థమున్న ఒక మూలం దగ్గరికి చేరతాం. అది భాషాశాస్త్రజ్ఞులు పోల్చి చూసి కట్టుకున్న మూలం, ఎక్కడా రాసి దొరికింది కాదు. మ్యుటేషన్, మ్యూచువల్ అక్కడి నుంచే వచ్చాయంటారు. ఫ్లూ వైరస్ మారుతూ పోతుంది కాబట్టే ఫ్లూ టీకాలో ఏం ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, రెండు అర్ధగోళాలకూ విడివిడిగా తేలుస్తుంది. మినహాయింపు పత్రం, దాన్ని చెల్లకుండా చేసే మార్పు, రెండూ ఒకే తాత మనవలు. యాప్ ఈ చుట్టరికం చెప్పి ఊరుకుంది. ఫ్లూ సంగతి నేను తగిలించుకున్నాను.

తర్వాత కాలరేఖ తెర. వేలితో పక్కకు తోస్తుంటే ఏళ్లు కదులుతాయి. ఈ ఒక్క చోట యాప్‌కు ఐదుకు ఐదు. ఒకే పనికి మనుషులు ఎన్ని పేర్లు పెట్టారో, ఏది ముందు, ఏది వెనక అనేది ఇక్కడే తెలిసింది.

ముందు వచ్చింది ఇనాక్యులేషన్. ఇది తోటమాలి మాట. లాటిన్‌లో ‘ఓకులుస్’ అంటే కన్ను, మొక్క మీది మొగ్గను కూడా కన్ను అనే అన్నారు. మనం చెరకు గడకు కన్నులున్నాయి అంటామే, సరిగ్గా అలాగే. ఒక చెట్టు కన్ను తెచ్చి ఇంకో చెట్టు బెరడులో పెట్టి కట్టడం ఇనాక్యులేషన్. మశూచి పుండులోని రసిని ఆరోగ్యంగా ఉన్నవాడి చర్మం గీరి అందులో పెట్టడం కూడా చూడటానికి అలాగే ఉంది కాబట్టి అదే పేరు. 1717లో లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ, ఒట్టోమన్ రాజ్యంలో బ్రిటిష్ రాయబారి భార్య, అక్కడి ముసలమ్మలు ఈ పని చేయడం చూసి ఉత్తరం రాసింది. ఆమె వాడిన మాట కూడా అంటుకట్టడమే. ఆమె ముఖం మీద అప్పటికే మశూచి మచ్చలున్నాయి. మరుసటి ఏడాది కొడుక్కి, 1721లో లండన్‌లో కూతురికి ఆ పని చేయించింది.

ఈ పేజీ చదువుతుంటే నాకు తట్టింది, యాప్‌లో ఉండాల్సింది, లేనిది: తెలుగులో ‘అంటు’ అనే ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. అంటు కట్టడం, అంటువ్యాధి. ఒక చెట్టుది ఇంకో చెట్టుకు పట్టించేదీ ‘అంటు’ మాటే, ఒకరి రోగం ఇంకొకరికి పట్టేదీ ‘అంటు’ మాటే. ఇనాక్యులేషన్ అనే మాటలో ఇంగ్లీషువాళ్లు ఎంతో దూరం తిరిగి కలిపిన రెండు అర్థాలు మన మాటలో ముందే కలిసి ఉన్నాయి. ఎవరూ వాడుకోకపోవడం నా మట్టుకు చిన్న విచారం.

కాలరేఖలో తర్వాత 1796. ఇంగ్లండ్ వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, పాలు పితికే సారా నెల్మ్స్ చేతి మీది ఆవు మశూచి పొక్కు నుంచి రసి తీసి, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించాడు. మే 14న. తర్వాత అసలు మశూచి రసి పెట్టి చూస్తే పిల్లవాడికి రాలేదు. 1798లో అచ్చేసిన పుస్తకంలో జెన్నర్ ఈ రోగాన్ని లాటిన్‌లో ‘ఆవుల మశూచి’ అన్నాడు. ‘వాక్కా’ అంటే ఆవు. కానీ వ్యాక్సినేషన్ అనే మాటను జెన్నర్ పుట్టించలేదు. 1800లో ఆయన స్నేహితుడు, రిచర్డ్ డన్నింగ్ అనే సర్జన్ దాన్ని అచ్చులోకి తెచ్చాడు. అప్పటికి దాని అర్థం ఆవుతోనే ముడిపడి ఉంది. 1881లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య సభలో లూయీ పాశ్చర్, జెన్నర్ మీది గౌరవంతో, ఏ రోగానికి చేసినా ఈ పనిని వ్యాక్సినేషన్ అనే అందాం అన్నాడు. ఆయన చేతిలో అప్పటికి ఉన్నవి కోళ్ల కలరా, ఆంత్రాక్స్. ఆ రోజు నుంచి ఆవుతో సంబంధం లేని సూదికి కూడా ఆవు పేరే.

మరి మన మాట, ఇమ్యునైజేషన్? ఇది అందరికన్నా చిన్నది. ఇంగ్లీషులో ఇమ్యునిటీ 14వ శతాబ్దం చివరి నుంచే ఉంది, కానీ పన్నుల్లో, కోర్టుల్లో, చర్చి హక్కుల్లో. ఒంటికి సంబంధించి కవుల దగ్గర అక్కడక్కడా మెరిసిందంతే. 1వ శతాబ్దపు రోమన్ కవి లూకన్, ఉత్తర ఆఫ్రికాలోని సిల్లీ అనే తెగవాళ్లను పాము విషం ఏమీ చేయదని చెబుతూ వాళ్లను ‘ఇమ్మూనేస్’ అన్నాడు. ఇంకా వెనక, క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను ఊడ్చేసిన మహమ్మారి గురించి రాసిన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్‌కు సంగతి తెలుసు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లే రోగుల దగ్గర కూర్చుని సేవ చేశారనీ, వాళ్లకు మళ్లీ ప్రాణం మీదికి రాలేదనీ రాశాడు. ఆయనకు కూడా ఆ రోగం వచ్చి తగ్గింది. సంగతి తెలుసు, దానికి పేరు లేదు.

పేరు ప్రయోగశాలల్లో స్థిరపడింది, 19వ శతాబ్దం చివరి 20 ఏళ్లలో. 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబాసాబురో కిటసాటో కలిసి వేసిన వ్యాసం శీర్షికలోనే డిఫ్తీరియా ఇమ్యునిటీ, టెటనస్ ఇమ్యునిటీ అని ఉంది. వాళ్లు చేసిన పని చూడండి. రోగాన్ని తట్టుకున్న జంతువు రక్తంలోని సీరం తీసి ఇంకో జంతువుకు ఎక్కిస్తే, ఆ రెండోది కూడా తట్టుకుంది. ఇందులో టీకా లేదు. అయినా ఆ రెండో జంతువు ఇమ్యూన్ అయింది. ఈ పనిని వ్యాక్సినేషన్ అనలేరు కదా, ఆవు పేరు ఎంత సాగదీసినా. అందుకే ఇంకో మాట కావాల్సి వచ్చిందనుకుంటాను.

ఇక్కడ యాప్ ఆగిపోయింది. రెండు మాటల పుట్టుక చెప్పింది, రెండింటి తేడా తెలుగులో ఎలా చెప్పాలో చెప్పలేదు. అది యాప్ పని కాదు, నా పని. నా వల్ల కాక మా పిన్నికి ఫోన్ చేశాను.

మా పిన్ని నర్సుగా చేసి రిటైరైంది. మశూచి ఇంకా లోకంలో ఉన్న రోజుల్లో ఉద్యోగంలో చేరిన మనిషి. రెండు ముళ్ల చిన్న సూదితో జబ్బ మీద పదిహేను పోట్లు పొడిచేవాళ్లమని చెబుతుంది.

"పిన్నీ, వ్యాక్సినేషన్‌కీ ఇమ్యునైజేషన్‌కీ తేడా ఏంటి?"

"వేయడం మా పని. పట్టడం ఒంటి పని. అంతేనే."

నేను మూడు వారాలు తవ్విన గొయ్యి అది. ఆవిడ వంటింట్లో నిలబడి పూడ్చేసింది.

తర్వాత ఇంకాస్త చెప్పింది. మశూచి టీకా పొడిచాక వారానికి మళ్లీ వెళ్లి జబ్బ చూడాలి. పొక్కు లేస్తే పట్టినట్టు. లేవకపోతే పట్టలేదని మళ్లీ పొడవాలి. రిజిస్టర్‌లో రెండు గళ్లుండేవి, వేసిన తేదీ ఒకటి, చూసిన ఫలితం ఒకటి. "ఇప్పుడు పైకి ఏమీ కనబడదు కాబట్టి వేసిందే లెక్క అనుకుంటారు మీరంతా," అంది. ఆ ‘మీరంతా’లో నేనున్నాను.

తట్టు టీకా పుట్టిన వెంటనే ఎందుకు వేయరో కూడా అడిగాను. "తల్లి దగ్గర్నుంచి వచ్చిన కాపుదల పిల్ల ఒంట్లో ఇంకా ఉంటుందే. అది ఉండగా వేస్తే మన టీకాని అదే మింగేస్తుంది. వేసినట్టే ఉంటుంది, పట్టదు." బేరింగ్ జంతువులు గుర్తొచ్చాయి నాకు. తల్లి మాయ గుండా బిడ్డకు యాంటీబాడీలు అందించడం కూడా అలాంటిదే. సూది లేకుండా ఇమ్యూన్ కావడం. కుక్క కరిచినప్పుడు టీకాతో పాటు గాయంలో ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు కూడా ఆ జాతే. ఒంటి చేత పని చేయించకుండా, తయారైన సరుకు తెచ్చి పోయడం. అందుకే కొన్ని వారాల్లో, నెలల్లో అయిపోతుంది. పని నేర్చుకోనివాడికి ఇచ్చిన మినహాయింపు అన్నమాట, గడువు తీరగానే రద్దు.

రెండోవైపు, టీకా వేసినా ఇమ్యూన్ కాకపోవడం. తట్టు టీకా ఒక్క డోసు వేస్తే నూటికి దాదాపు 93 మందికి పడుతుంది, రెండు వేస్తే దాదాపు 97 మందికి. రెండో డోసు ముఖ్యంగా మొదటిసారి పట్టనివాళ్ల కోసమే. టీకా సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమంటారు. వేడి తగిలినా దెబ్బే, కొన్నిటికి గడ్డకట్టినా దెబ్బే. వేడి తగిలితే రంగు మారే చిన్న చదరం సీసాల మీదికి వచ్చాక, దాన్ని చూడకుండా ఏ రోజూ సూది ఎత్తలేదని పిన్ని గొప్పగా చెప్పుకుంటుంది. గొప్పే మరి. ఆ చదరం చూడనివాళ్లు వ్యాక్సినేషన్ చేస్తారు, ఇమ్యునైజేషన్ జరగదు. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల టీకాల కార్యక్రమం పెట్టినప్పుడు దాని పేరులో ఇమ్యునైజేషన్ అనే మాటనే పెట్టుకుంది. నా ఊహ చెబుతున్నాను, సూదుల లెక్క కాకుండా పట్టినవాళ్ల లెక్క మీదే చూపు ఉండాలనే అయ్యుంటుంది.

ఇంతకీ రోమన్ సిపాయిల సంగతి. ధాతువు చూసినప్పుడు నాకొక అనుమానం పట్టింది: ‘పని లేనివాడు’ అనే మాట, ఒళ్లు చచ్చేంత పని చేసే ఈ వ్యవహారానికి తప్పు పేరు కదా అని. పిన్ని మాట విన్నాక సర్దుకుంది. బూరలు చేసే సిపాయి ఆ పని నేర్చుకున్నాకే కాపలా తప్పించుకున్నాడు. టీకా ఇచ్చేది ఆ నేర్పే. లోపల కొన్ని కణాలు ఒక రోగక్రిమి ముఖం గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని ఏళ్లపాటు గుర్తుంచుకుంటాయి. ఆ విద్య ఉంది కాబట్టి మంచం పట్టే వంతు తప్పుతుంది.

మళ్లీ యాప్‌కి వస్తాను. ఇందులో తెలుగు అర్థాలు కూడా ఇస్తామని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. అది చూసి కొనకండి. ఎవరో మనిషి కూర్చుని రాసినవి కావవి. ఇమ్యునిటీ కనబడిన ప్రతిచోటా ‘రోగనిరోధక శక్తి’ అని అతికించేశారు. విదేశీ రాయబారులను అరెస్టు చేయకూడదనే డిప్లమాటిక్ ఇమ్యునిటీకి వీళ్లిచ్చిన తెలుగు ‘దౌత్య రోగనిరోధక శక్తి’. నేరం ఒప్పుకుని సాక్ష్యం చెప్పినవాడికి కోర్టు ఇచ్చేది ‘ప్రాసిక్యూషన్ రోగనిరోధక శక్తి’. పుట్టుక పేజీలో మినహాయింపు అని అంత బాగా చెప్పి, పక్క తెరలో ఇలా రాశారంటే ఒక చేయి రాసింది ఇంకో చేయి చూడలేదని.

తెలుగు లిపిలో వెతికితే ఇంకా తమాషా. టీకా అని కొట్టాను. ‘వ్యాఖ్యానం, పద్యానికి అర్థవివరణ’ అని వచ్చింది. తప్పు కాదు, టీకా తాత్పర్యాల టీకా అదే, సంస్కృతం. కానీ సూది టీకా వేరే మాట. బొట్టు, చుక్క అనే అర్థంలో ఉత్తరాది భాషల్లో ఉన్న టీకా, చర్మం మీద పెట్టే ఆ చుక్క వల్ల ఈ పనికి పేరై మన దాకా వచ్చింది. రెండూ రాసి తేడా చూపిస్తే ఎంత బాగుండేది! ఒక్కటే ఇచ్చి ఊరుకున్నారు. అయినా నాలాంటి అనువాదకురాలికి టీకా అంటే వ్యాఖ్యానం అని గుర్తు చేయడం మంచిదేలెండి, చేసేది అదేగా.

చిన్న చిన్నవి: లాటిన్ ఉచ్చారణ వినిపించే మీట బాగుంది, ఆడగొంతు, తొందరపడదు. నెట్ లేకుండా కూడా పని చేస్తుంది, కానీ కాలరేఖ రాదు, అంటే అసలుది రాదు. అక్షరాల సైజు పెంచితే చెట్టు బొమ్మ తెర దాటిపోతుంది. కళ్లజోడు తీసి, పెట్టి, తీసి చూడాల్సి వచ్చింది. ప్రకటనలు లేవు.

మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. పుట్టుక, కాలరేఖ చూస్తే నాలుగున్నర, తెలుగు చూస్తే ఒకటి. మాటలతో పని ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. తెలుగు అర్థం కోసమే అయితే ఇంట్లో ఒక పిన్నిని అడగండి.

కరపత్రంలో వాక్యాన్ని ఇలా మార్చి పంపాను: "ఎంతమందికి టీకా వేశాం అన్నది ఒక లెక్క, ఎంతమందికి పట్టింది అన్నది ఇంకో లెక్క." ఎడిటర్‌గారు ఫోన్ చేయలేదు. నిన్న యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. దించుకోగానే మొదట రాయబారుల సంగతి చూశాను. వాళ్ల రోగనిరోధక శక్తి ఇంకా అలాగే ఉంది.